కొలతకందని పని

పుదుచ్చేరికి పడమటగా సుమారు పది కిలోమీటర్ల దూరాన ఉన్న విల్లియనూరులో లూర్దు మాత ఆలయం ఉంది. ఆలయానికి ఎదురుగా ఒక కోనేరు. శివాలయాల ముందు, విష్ణ్వాలయాల ముందు కోనేరు చూచిన కన్నులకు క్రైస్తవ దేవాలయం ముందు కోనేరు కనబడడం మొదట కొంత వింతగా తోస్తుంది. మరుక్షణం అదే సహజమనిపిస్తుంది. 1858లో ఫ్రాన్సు దేశపు లూర్దులో పద్నాలుగేళ్ళ పేదపిల్ల బెర్నదెత్‌కు దర్శనమిచ్చినట్లు భక్తులు నమ్మే మరియమాత పేరిట, 1870వ దశకంలో వెలసిన ఆలయమిది.

ఇటువంటి చోటికి మనుష్యులు కోరికలు మూటగట్టుకొని వస్తారు. బిడ్డ జబ్బు, కూతురి పెండ్లి, ఎంతకూ తెమలని వ్యాజ్యం. కోరడంలో తప్పేమీ లేదు. అయితే వారు ఎవరి ముందు మోకరిల్లుతున్నారో ఆ మరియ సువార్తలో ఏమీ కోరలేదు. పెండ్లి నిశ్చయమైన ఆ పిల్ల, తన పరువును, తన బ్రతుకును తలక్రిందులు చేయగల కబురు విని, సరేనన్నది. కోరికను దేవునికి విన్నవించడం ఒకటి. తాను జాగ్రత్తగా కట్టుకున్న ఏర్పాటును ఆయన చేతిలో పెట్టి, అది చెదిరిపోయినా ఒప్పుకోవడం మరొకటి. ఈ రెండవది ఎంత కష్టమో తెలియాలంటే, విల్లియనూరు ఆలయం వెలసిన ఆ దశకంలోనే ఉత్తరాన తెలుగునాట, ఒంగోలులో జరిగిన కథ వినాలి. అక్కడివారు కథోలికులు కారు, బాప్టిస్టులు. ఆచారాలు వేరు, చిక్కు మాత్రం ఒక్కటే.

అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషన్ 1840లో ప్రారంభమైంది. పదమూడేళ్ళు గడచినా చెప్పుకోదగిన ఫలితం కనబడలేదు. 1853లో అమెరికాలో జరిగిన సభలో దానిని మూసివేద్దామా అన్న చర్చ వచ్చింది. పటం మీద ఒంటరిగా మిగిలిన గుర్తు కనుక దానికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు స్థిరపడింది. మరుసటి ఏడు జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు భారతీయ విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈలోగా జ్యూయెట్ ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళారు. మూసివేత మాట అక్కడ మళ్ళీ వినవచ్చింది. ఎవరు పంపకపోయినా తాను తిరిగి వెళ్తానన్నారాయన.

వచ్చిన మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. మతబోధకుడు కాకముందు మినెసోటా ప్రాంతంలో సర్వేయరుగా గొలుసు పట్టి భూములు కొలిచారు. గీత గీసి, హద్దు రాయి పాతి, లెక్క సరిచూచుకునే వృత్తి అది. దేవుని పనినీ ఆయన అలాగే తలపెట్టారు. 1866లో ఒంగోలు చేరిన కొద్దికాలానికే ఊరి బ్రాహ్మణ ప్రముఖులు తమ పిల్లలకు బడి పెట్టమని అడిగారు. అంతకంటే ఏమి కావాలి? పైవారు వస్తే క్రిందివారు తామే వస్తారని నాటి మిషనరీలలో చాలామంది అనుకున్నారు. క్లౌ బడి తెరిచారు.

కాని ఆయన గీసిన గీతకు అవతలి నుండి మరెవరో వస్తున్నారు. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరాన తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు ఉండేవారు. తోలు వ్యాపారం చేసేవారు. అంతకుముందే ఒక గురువు వద్ద యోగమార్గం నేర్చినవారు. ఆయన క్రైస్తవుడై, తనవారికి ఆ మాట చెప్పనారంభించారు. 1867 జనవరిలో క్లౌ అక్కడికి వెళ్ళినప్పుడు ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం పొందారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారని ఒంగోలు పెద్దలు స్పష్టంగా చెప్పారు.

ఆ రాత్రి సంగతి క్లౌ తరువాత స్వయంగా చెప్పుకున్నారు. ఏమి చేయాలో తోచక బైబిలు తెరిస్తే, కొరింథీయుల మొదటి పత్రికలో దేవుడు గొప్పవారిని కాక లోకం లెక్కచేయని వారిని ఎన్నుకుంటాడన్న భాగం కనబడింది. వేరొక గదిలో ఆయన భార్య హ్యారియట్ కూడా, ఈ సంగతి తెలియకుండానే, అదే భాగం చదివారు. ఇలా పుట తెరిచి దారి వెదకడం అందరికీ చెప్పదగిన పద్ధతి కాదు. తమ మనసులోని మాటనే పుటలో చూచుకున్నవారు లోకంలో కొల్లలు. ఇక్కడ మాత్రం పుట చెప్పినది ఆయనకు అనుకూలమైన మాట కాదు. ఆ మాటకు ఆయన చెల్లించిన మూల్యం ఆ బడి. పిల్లలు వెళ్ళిపోయారు, బడి మూతపడింది.

ఇంతటితో ఆ సర్వేయరు మారిపోయారనుకుంటే పొరపాటు. 1876లో వర్షాలు ముఖం చాటేశాయి. మద్రాసు రాజధాని అంతటా లక్షలాది ప్రాణాలను బలిగొన్న మహాక్షామం వచ్చింది. క్లౌ చేతులు జోడించి కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం కంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్న వేలాదిమందికి పని, కూలి చూపించారు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపారు. దేవునికి అప్పగించడమంటే పార పడవేయడమని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడే ఒక నియమం పెట్టుకున్నారు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న అపవాదు రాకూడదు. కనుక కరువు సహాయం సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం లేదు. పదిహేను నెలలు ఆ మాట నిలబెట్టుకున్నారు. మంచి నియమమే. ఎవరూ వేలెత్తి చూపలేని నియమం. చెడ్డ ఏర్పాటును వదులుకోవడం సులభం. మంచి ఏర్పాటును వదులుకోవడమే కష్టం.

1878 జూన్‌లో కరువు పని ముగిసినట్లు ప్రకటించి, ఒంగోలుకు సుమారు పది మైళ్ళ దూరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి బోధకులను, సంఘస్థులను రమ్మన్నారు. కొత్తవారిని తీసుకురావద్దని కబురు పెట్టారు. అయినా వారు వచ్చారు, వందలు వందలుగా. తన వద్ద డబ్బు లేదు, ఇక సహాయం లేదు, వెళ్ళిపొమ్మన్నారు క్లౌ. మాకు డబ్బు వద్దు, చచ్చిపోయినా సహాయం అడగము, కాని మమ్మల్ని చేర్చుకోవలసిందేనన్నారు వారు. వారి మనస్సుల లోతు ఎంతో కొలిచే గొలుసు ఆయన వద్ద లేదు. ఇంకొంతకాలం ఆగవచ్చు; ఆగితే అపవాదు తప్పుతుంది. ఆయన ఆగలేదు.

జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మొత్తం 3,536. ఈ అంకెలు చూచి దూరదేశాలలో ఆశ్చర్యపోయినవారూ ఉన్నారు, అనుమానించినవారూ ఉన్నారు. ఆయన ఏ మాట పడకూడదని పదిహేను నెలలు కాచుకున్నారో ఆ మాట పడక తప్పలేదు.

జులై 3న తెల్లవారి ఆరు గంటలకు పని మొదలైంది. ఆరుగురు దేశీయ బోధకులు వంతులవారీగా ఇద్దరేసి నీటిలో దిగారు. అలసిన ఇద్దరు ఒడ్డెక్కితే మరో ఇద్దరు దిగేవారు. పదకొండింటికి ఆపి, రెండింటికి మళ్ళీ మొదలుపెట్టి, సాయంత్రం ఏడు వరకు సాగించారు. నాటి 2,222 మందిలో ఒక్కరికి కూడా క్లౌ తన చేతితో బాప్తిస్మం ఇవ్వలేదు.