పంపు ఆగితే గంటకెంత నష్టం?

గాజువాక: ఉక్కు ఫ్యాక్టరీ, షిప్ యార్డు, చమురు శుద్ధి కర్మాగారం, సింహాద్రి విద్యుత్ కేంద్రం, పరవాడ మందుల కంపెనీలు - ఇన్ని ఉన్న ఈ ప్రాంతంలో ఇంజనీర్లకు కొదవ లేదు. నాలుగైదేళ్ల సర్వీసు పూర్తి చేసిన యువకులు కొందరు ఇప్పుడు మళ్లీ పుస్తకాలు పట్టుకుంటున్నారు. బాయిలర్లు, పంపులు వదిలి మేనేజిమెంటు చదవాలన్నది వారి కోరిక. లెక్కలలో దిట్టలే గనుక ప్రవేశ పరీక్ష ఎలాగో గట్టెక్కుతున్నారు. తడబాటు ఇంటర్వ్యూ గదిలో వస్తున్నది.

అనకాపల్లి సమీప గ్రామానికి చెందిన ఒక మెకానికల్ ఇంజనీరు అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. పేరు రాయవద్దని కోరిన ఈయన వయసు 29 ఏళ్లు. తండ్రి చెరకు రైతు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, పాలిటెక్నిక్ లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బి.టెక్ రెండో సంవత్సరంలో చేరారు. ఆరేళ్లుగా ఒక ప్రైవేటు కర్మాగారంలో మెయింటెనెన్సు విభాగంలో పని చేస్తున్నారు. షిఫ్టు డ్యూటీ. రాత్రి పదింటికి ఎక్కి ఉదయం ఆరింటికి దిగే వారంలో చదువు సాగేది కాదు. మధ్యాహ్నం షిఫ్టు వారంలో మాత్రం తెల్లవారుజామున లేచి రెండు మూడు గంటలు కూర్చునేవారు.

ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ కొన్నేళ్లుగా నవంబరు చివరి ఆదివారం జరుగుతున్నది. మూడు భాగాలు. ఒక్కో భాగానికి 40 నిమిషాలు. సరైన జవాబుకు మూడు మార్కులు, ఇచ్చిన నాలుగింటిలో తప్పుది గుర్తిస్తే ఒక మార్కు కోత. ఈయనకు లెక్కలు కష్టం కాలేదు. ఇంగ్లీషే కొరకరాని కొయ్య అయింది. ఆ భాగంలో ఎక్కువ ప్రశ్నలు పెద్ద పెద్ద పేరాలు చదివి అర్థం చేసుకుని రాయవలసినవి. గైడు పుస్తకాలు పక్కన పెట్టి ఏడాదిపాటు రోజూ ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాలు చదివారు. మొదట్లో ఒక్కోదానికి అరగంట పట్టేదట. పోయిన ఏడాదికి ముందటి ఏడు మంచి పర్సంటైల్ వచ్చింది. ఇంటర్వ్యూకు పిలుపూ వచ్చింది.

గదిలో ఏం జరిగింది

మీరు చేసిన ముఖ్యమైన పని చెప్పమన్నారు బోర్డు వారు. తరచు మొరాయించే ఒక పంపును బాగు చేసిన సంగతి ఈయన ఉత్సాహంగా చెప్పారు. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, అదురు ఎంత ఉండేది, ఏ నంబరు బేరింగు వేశారు, షాఫ్టు అమరిక ఎలా సరి చేశారు - అన్నీ గడగడా వల్లించారు. ఆ పంపు ఆగితే కంపెనీకి గంటకు ఎంత నష్టం అని వారిలో ఒకరు అడిగారు. ఈయన వద్ద జవాబు లేదు. ఆరేళ్లుగా కంటికి రెప్పలా కాచిన యంత్రం గురించి ఆ ఒక్క అంకె ఎన్నడూ తెలుసుకోలేదు. సీటు రాలేదు.

ఊరికి తిరిగి వచ్చాక ఆయన చేసిన మొదటి పని అకౌంట్సు సెక్షనుకు వెళ్లడం. షాపు ఫ్లోరు వారు జీతం బిల్లు తేడా వస్తే తప్ప అటు తొంగి చూడరు. అక్కడి సీనియర్ గుమాస్తా ఒకరు ఓపికగా లెక్క విప్పి చెప్పారు. యంత్రం ఆగిన గంటలో తయారు కావలసిన సరుకుపై మిగిలే లాభం పోతుంది. జీతాలు, అప్పుపై వడ్డీ మాత్రం ఆగవు. కాంట్రాక్టు కూలీలు ఊరకే కూర్చున్నా కూలి ఇవ్వాలి. చల్లబడిన ప్లాంటును మళ్లీ వేడెక్కించడానికి ఇంధనం అదనం. సరుకు ఆలస్యమైతే కొనుగోలుదారు జరిమానా కోస్తాడు. అన్నీ కలిపితే వేల రూపాయల బేరింగు దొరక్క లక్షల రూపాయల నష్టం జరుగుతున్నదని తేలింది.

అసలు విశేషం వేరే ఉంది. అంతకు రెండేళ్ల ముందే ఈయన స్టోర్సు అధికారితో మాట్లాడి, ఆ రకం బేరింగు ఒకటి ఎప్పుడూ నిల్వ ఉండేలా ఒప్పించారు. నిల్వ పెంచితే డబ్బు స్తంభించిపోతుందని ఆ అధికారి మొదట ససేమిరా అన్నారు. పాత రిజిస్టర్లు తిరగేసి, ఏడాదిలో ఎన్నిసార్లు ఆగిందో చూపించాక దిగివచ్చారు. పండుగ రోజుల్లో షట్ డౌన్ పని పడితే కాంట్రాక్టు మేస్త్రీతో మాట్లాడి మనుషులను నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఇదంతా డ్యూటీలో భాగమే అనుకున్నారు గాని, మేనేజిమెంటు అంటే ఇదేనని ఆయనకు తట్టలేదు. మొదటి దరఖాస్తులో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. అంతా అదురు రీడింగులే.

ఈ తరహా పొరపాటు ఈయన ఒక్కరిదే కాదు. ఇంజనీర్లు రాసే దరఖాస్తుల్లో యంత్రం ఉంటుంది, మనిషి ఉండడు, డబ్బు అసలే ఉండదు. ఎవరిని ఒప్పించారు, ఎవరు కాదన్నారు, ఏం వదులుకుని ఏం ఎంచుకున్నారు అన్నవే ఎంపిక చేసేవారికి కావాలి. పోటీ కూడా తోటి ఇంజనీర్లతోనే. 2010 తర్వాతి తొలి సంవత్సరాలలో కొన్ని ఐఐఎంల తరగతుల్లో పది మందిలో తొమ్మిది మందికి పైగా ఇంజనీర్లే. ఆ తర్వాత పలు ఐఐఎంలు ఇతర పట్టభద్రులకు కొన్ని మార్కులు కలపడం మొదలుపెట్టాయి. అందుచేత పంపు కథ చెప్పేవారు వంద మంది ఉన్న వరుసలో మన కథ వేరుగా ఉండాలి.

ఎవరికి ఏ దారి

క్యాట్ రాయడానికి కనీసం 50 శాతం మార్కులతో డిగ్రీ ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వికలాంగులకు 45 శాతం చాలు. పాలిటెక్నిక్ డిప్లొమా ఒక్కటే ఉంటే కుదరదు. ఈ సంగతి తెలియక కోచింగు సెంటర్లకు సొమ్ము కట్టేవారూ లేకపోలేదు. అలాటివారు ఓపెన్ యూనివర్శిటీలోనైనా ముందు డిగ్రీ పూర్తి చేసుకోవాలి.

సర్వీసు బాగా ఉన్నవారికి ఏడాది కోర్సులు అనువు. హైదరాబాదులో 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ రెండేళ్ల అనుభవం అడుగుతుంది. అహ్మదాబాద్ ఐఐఎంలో ఉద్యోగస్తుల ఏడాది కోర్సుకు నాలుగేళ్లు కావాలి. వీటికి జీమ్యాట్ స్కోరు పనికివస్తుంది. 2024 నుంచి ఆ పరీక్ష పూర్తిగా కొత్త రూపంలో జరుగుతున్నది. వ్యాసం లేదు, రేఖాగణితం లేదు, రెండుంబావు గంటల్లో ముగుస్తుంది. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. క్యాట్ స్కోరుకు ఆయుష్షు ఒక్క ఏడాదే. షిఫ్టు డ్యూటీ చేసేవారికి ఇది చిన్న తేడా కాదు.

ఉన్న ఊళ్లో తక్కువ ఖర్చుతో చదవదలచిన వారికి ఐసెట్ ఉండనే ఉంది. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, తప్పుకు కోత లేదు. పరవాడలో మందుల కంపెనీ ప్రయోగశాలలో పని చేస్తున్న ఒక వివాహిత ఈ దారే ఎంచుకున్నారు. చంటిబిడ్డను వదిలి వేరే రాష్ట్రం వెళ్లడం ఆమెకు సాధ్యం కాదు. పరీక్షల్లో నాణ్యత చూడడమే కాక, ఏ సరుకు ఎంతకు కొంటున్నారో తెలుసుకోవాలని ఉందని ఆమె అంటున్నారు.

ఉద్యోగం మానకుండా చదివినవారిలో మన తెలుగువారి పేర్లూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆ కంపెనీలో పని చేస్తూనే వారాంతాల్లో సియాటిల్ నుంచి చికాగో వెళ్లి 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివి, 2007లో అడోబి సంస్థ పగ్గాలు చేపట్టిన శంతను నారాయణ్ కు కూడా బర్కిలీ ఎంబీఏ ఉంది. వారం వారం విమానం ఎక్కే స్తోమత గాజువాకలో ఎవరికి ఉంటుంది గనుక! అయితే గంభీరం దాకా బస్సులో వెళ్లవచ్చు. 2015లో ఆంధ్రా యూనివర్శిటీ ఆవరణలో ప్రారంభమైన విశాఖ ఐఐఎం శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న ప్రధాని ప్రారంభించారు. ఉద్యోగంలో ఉన్నవారికి అక్కడ వేరే కోర్సు నడుపుతున్నారు.

బాండు, బాసు, బ్యాంకు

సీటు వస్తే కష్టాలు తీరినట్టు కాదు. అహ్మదాబాద్, బెంగుళూరు, కలకత్తా ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 25 లక్షలు దాటింది. కొత్తవాటిలో కొంత తక్కువ. దీనికి పోయే జీతం కలపాలి. పబ్లిక్ సెక్టారులో శిక్షణ పొందినవారు బాండు గడువుకు ముందు మానితే ఆ సొమ్మూ కట్టాలి. కొన్ని సంస్థలు పై అధికారి సిఫారసు లేఖ అడుగుతాయి. ఆ లేఖ అడగడమంటే ఉద్యోగం మానేస్తున్నానని తానే చాటుకోవడం. సీటు రాకపోతే అదే అధికారి కింద మళ్లీ పని చేయాలి. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతున్నారు.

అప్పు విషయంలో కొంత వెసులుబాటు కలిగింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు పొందినవారికి తాకట్టు, జామీను లేకుండా బ్యాంకులు రుణం ఇస్తాయి. పొలం కాగితాలు పెట్టనవసరం లేదు. కాని తీర్చవలసింది మాత్రం చదివిన వాడే. ఏడాది తిరగగానే అధిక జీతం ఖాయమని చెప్పే కోచింగు ప్రకటనలు నమ్మి లెక్క వేసుకుంటే చిక్కులో పడతారు.

అనకాపల్లి ఇంజనీరు రెండోసారి రాశారు. ఈసారి ఇంటర్వ్యూలో పంపు ఊసు తక్కువ, స్టోర్సు అధికారితో జరిగిన వాదన ఎక్కువ. కొత్త ఐఐఎంలలో ఒకదానిలో సీటు వచ్చింది. తల్లి సంతోషించింది. తండ్రి మాత్రం, చదువు అయ్యాక విశాఖలోనే ఉద్యోగం దొరుకుతుందా అని ఒక్కటే అడిగారట. దానికి కొడుకు వద్ద జవాబు లేదు. తరగతులు జూన్ లో మొదలవుతాయి. రాజీనామా లేఖ ఇంకా ఇవ్వలేదు. మొదటి వాయిదా గడువు ఈ నెలాఖరు. బ్యాంకు అడిగిన కాగితాల్లో రెండు రావలసి ఉంది.