వానలో సూరజ్‌పూర్ సరస్సు

ఢిల్లీలో వాన కూడా రాజకీయ వార్తే. మింటో వంతెన కింద బస్సు మునిగితే మరునాడు ఆ ఛాయాచిత్రం పత్రికల మొదటి పుటకు ఎక్కుతుంది. తప్పు మీదంటే మీదని అధికార, ప్రతిపక్షాలు వాదించుకొంటాయి. వర్షాకాల సమావేశాలలో సభ సాగినా, సాగకపోయినా పార్లమెంటు ఆవరణలో గొడుగుల కింద నినాదాలు మాత్రం ఆగవు. ఈ సందడిలో, వాననీరు తాను చేరవలసిన చోటికే చేరుతున్న ప్రదేశం ఒకటి రాజధాని పొలిమేరలో ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

అది గ్రేటర్ నోయిడాలోని సూరజ్‌పూర్. 1997లో ఏర్పడిన గౌతమ బుద్ధ నగర్ జిల్లాకు కలెక్టరు కార్యాలయం ఉన్నది ఇక్కడనే. ఆ పక్కన 308 హెక్టార్ల రిజర్వు అడవి, అందులో సుమారు 60 హెక్టార్ల సరస్సు ఉన్నాయి. ప్రధానంగా వర్షమే దానికి ఆధారం.

సభకు సెలవైన ఒక శనివారం, తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి ఉండగా అక్కడకు బయలుదేరాను. పరీ చౌక్ వరకు మెట్రోలో, ఆ తరువాత ఆటోలో ప్రయాణం. "ఈ వానలో ఏం చూస్తారు సాబ్? చలికాలంలో రండి, విదేశీ బాతులు దిగుతాయి" అన్నాడు ఆటో డ్రైవరు. అతని మాటలో సగం నిజం ఉన్నది. వలస పక్షులు వచ్చేది శీతాకాలంలోనే. కాని ఇక్కడనే పుట్టి పెరిగే పక్షులలో అనేకం గూడు కట్టి, గుడ్లు పెట్టేది ఈ వానలలోనే. ఉత్తరప్రదేశ్ రాష్ట్ర పక్షి అయిన సారసం కూడా అంతే.

లోపల మట్టిబాట. నాలుగడుగులు వేసేసరికి బూట్లకు చెరొక వీశెడు బురద అంటుకొన్నది. అయినా నగరంలో తారురోడ్డు మీద తడవడం వేరు, చెట్ల కింద తడవడం వేరు. ఆకుల మీద రాలే చినుకుకు ఒక చప్పుడు, జమ్ముగడ్డి మీద పడే చినుకుకు మరొక చప్పుడు. నల్ల తుమ్మల నడుమ సర్కారు తుమ్మ ఇష్టారాజ్యంగా పెరిగిపోయింది. పిలవకుండా వచ్చి తిష్ఠ వేసే ఆ చెట్టుకు మనవారు ఆ పేరెందుకు పెట్టారో సచివాలయాల చుట్టూ తిరిగినవారికి వివరించనక్కరలేదు. మలుపు తిరిగేసరికి, మన అడవులలో మనుబోతు అనే నీలగాయి ఒకటి తడిసి నల్లబడిన ఒంటితో నిలబడి నన్ను తేరిపార చూసి, ఏ తొందరా లేకుండా పొదలలోకి నడిచిపోయింది. నీటి అంచున తీతువు అరుస్తూనే ఉన్నది. సారసాలు మాత్రం నా కంటబడలేదు. మంచె ఎక్కి చూస్తే ఒకవైపు వాన గుచ్చుతున్న సరస్సు, మరొకవైపు మబ్బులో సగం కరిగిన బహుళ అంతస్తుల భవనాలు. ఆ మంచె మీద గంటసేపు కూర్చున్నాను. ఇటీవలి కాలంలో అంత నిశ్శబ్దమైన గంట నాకు దొరకలేదు.

308 అనే అంకె తెలుగువారికి కొత్తది కాదు. మన కొల్లేరు అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. అంటే సూరజ్‌పూర్ అడవికి నూరు రెట్లు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేటిలో చేపల చెరువుల గట్లను 2006లో పేల్చివేయవలసి వచ్చింది. మరి రెండేళ్ళకే అభయారణ్యం హద్దును ఐదవ కాంటూరు నుంచి మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. అంత పెద్ద సరస్సుకే అన్ని చిక్కులు! సూరజ్‌పూర్ ఇంత పెద్ద పట్టణం నడుమ నిలిచిందంటే అటవీ చట్టాల అండ దానికి ఉండడం ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఆ అండ లేని చెరువుల మాటేమిటి? కేంద్రం 2010లో జారీ చేసిన చిత్తడి నేలల నియమావళిలో సహజమైనవే గాక మానవ నిర్మితమైన చెరువులు కూడా చేరి ఉండేవి. దాని స్థానంలో 2017 సెప్టెంబరులో వచ్చిన నియమావళి, తాగునీటికీ సేద్యానికీ ప్రత్యేకించి నిర్మించిన వాటిని నిర్వచనం నుంచి తొలగించింది. ఉత్తరాదిలో దీనివల్ల కలిగే నష్టం ఎంతో గాని, తెలుగునాట చెరువంటేనే సేద్యం కోసం కట్టినది. కాకతీయుల నాటి రామప్ప చెరువు సైతం ఆ నిర్వచనానికి వెలుపలే నిలుస్తుంది. మనకు 2002 నాటి వాల్టా చట్టం ఉన్నదనవచ్చు. ఉన్నది, దాని అమలు ఎట్లా ఉన్నదో నగర శివారు చెరువుల గట్ల మీద నిలబడితే కనిపిస్తుంది.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ఇటువంటి నియమావళిని ఉభయ సభల ముందు ముప్పై రోజులు ఉంచాలి. ఆ గడువులో సభ్యులు సవరణ కోరవచ్చు. గడువు ఏనాడో ముగిసింది. ఇప్పుడు మార్పు కోరే తెలుగు సభ్యులకు ప్రశ్నోత్తరాల సమయమూ, ప్రయివేటు బిల్లులకు కేటాయించిన శుక్రవారం మధ్యాహ్నమూ మిగిలి ఉన్నాయి. ఆ శుక్రవారాలలో పత్రికల గ్యాలరీ నుంచి కిందికి చూస్తే మనుషుల కంటె బెంచీలే ఎక్కువగా కనిపిస్తాయి.