అక్వేరియంలో ఫిల్టరు మార్పిడి: నత్రీకరణ బాక్టీరియా సంరక్షణ

1. ఉపోద్ఘాతం:

పాత ఫిల్టరును తొలగించి కొత్తదాన్ని అమర్చిన కొద్దిరోజులకే, నీరు తేటగా ఉన్నప్పటికీ చేపలు ఉపరితలానికి చేరి గుటకలు వేయడం, ఒక్కొక్కటిగా మరణించడం అక్వేరియం పెంపకంలో తరచుగా కనిపించే నష్టం. దీన్ని రోగంగానో, పరికర లోపంగానో భావించడం పరిపాటి. కానీ పాత ఫిల్టరుతోపాటు అందులోని బాక్టీరియా సముదాయం తొలగిపోవడమే చాలా సందర్భాల్లో అసలు కారణం. ఆ సముదాయాన్ని కాపాడుకుంటూ ఫిల్టరును మార్చే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నత్రీకరణ ప్రక్రియ:

చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత కుళ్ళినప్పుడూ అదే వెలువడుతుంది. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. మరికొన్ని నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నైట్రైటు రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది. వీటితో పోలిస్తే నైట్రేటు హాని స్వల్పం.

రెండో దశను నైట్రోబాక్టర్ నిర్వహిస్తుందని చాలాకాలం భావించారు. మంచినీటి అక్వేరియాల్లో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరాదని 1998లో వెలువడిన పరిశోధన సూచించింది. రెండు దశలనూ ఒంటరిగా పూర్తిచేయగల నైట్రోస్పైరా రకాలను 2015లో గుర్తించారు.

ఈ బాక్టీరియా నీటిలో తేలియాడడం తక్కువ. స్పాంజి, సిరామిక్ వలయాలు, గులకరాళ్ళ వంటి ఉపరితలాలపై జిగురుపొరగా స్థిరపడతాయి. కాబట్టి పాత నీటిని నిలుపుకున్నంత మాత్రాన బాక్టీరియాను నిలుపుకున్నట్లు కాదు. పైగా వీటి వృద్ధి నెమ్మది. కొత్త ఫిల్టరులో తగినంత సముదాయం ఏర్పడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

3. మార్పిడి పద్ధతులు:

3.1 రెండు ఫిల్టర్లను కలిపి నడపడం: పాత ఫిల్టరును తీయకుండానే కొత్తదాన్ని అమర్చి, రెండింటినీ 4 నుంచి 6 వారాలు నడపాలి. తొట్టిలోని బాక్టీరియా పరిమాణం లభించే అమ్మోనియాపై ఆధారపడుతుంది. ఆ ఆహారాన్ని రెండు ఫిల్టర్లూ పంచుకుంటాయి కనుక, పాతదాన్ని తీసిన తరువాత కొన్నిరోజులు మేత తగ్గించడం అవసరం.

3.2 పాత స్పాంజిని బదిలీ చేయడం: పాత ఫిల్టరు పాడైతే దాని స్పాంజిని, వలయాలను వెంటనే కొత్తదానిలో అమర్చాలి. కొలత కుదరకపోతే స్పాంజిని కత్తిరించవచ్చు. లేదా వలసంచిలో ఉంచి నీటి ప్రవాహానికి ఎదురుగా వేలాడదీయవచ్చు. దాన్ని ఆరనివ్వకూడదు. ఆగిపోయిన ఫిల్టరులో గంటల తరబడి ఉంచితే ఆక్సిజన్ అందక బాక్టీరియా నశిస్తాయి. మురికిని తొట్టినుంచి తీసిన నీటిలోనే పిండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది.

4. జాగ్రత్తలు:

ఫిల్టరు మార్చిన రోజునే గులకరాళ్ళను కడగడం, కొత్త చేపలను చేర్చడం తగదు. రెండు వారాలపాటు అమ్మోనియా, నైట్రైటు పరీక్షలు చేయాలి. అవి కనిపిస్తే క్లోరిన్ తొలగించిన నీటితో కొంతభాగం నీటిని మార్చాలి. రోగం సోకిన తొట్టిలోని స్పాంజిని మరో తొట్టికి తరలించకూడదు.

5. ముగింపు:

ఫిల్టరు పెట్టె మారినా అందులోని జీవసముదాయం కొనసాగినప్పుడే నీరు చేపలకు సురక్షితంగా ఉంటుంది. నీటి తేటదనం ఆ భద్రతకు ప్రమాణం కాదు. అమ్మోనియా, నైట్రైటు లేకపోవడమే ప్రమాణం.