కారు తీసుకోవడం తేలికే... తిరిగిచ్చేటప్పుడే అసలు క్లైమాక్సు!

సినిమాలో హీరో ఒక్క పాటలో నాలుగు కార్లు మారుస్తాడు. వాటిని ఎవరికి తిరిగిచ్చాడో మాత్రం చూపించరు! ఆ సీను నాకు ఎదురైంది లెండి.

ఏడాదిపాటు ఓ కారు లీజుకి తీసుకున్నాను. ఆర్.సి. కంపెనీ పేరున, నెలనెలా అద్దె నా జేబులోంచి! తిరిగివ్వబోతే ఒకాయన చుట్టూ తిరిగి, తలుపుమీద గీత చూపించి "ఇదేంటండీ?" అన్నాడు. అది మొదటిరోజు నుంచీ ఉంది. రుజువేదీ? డిపాజిట్లో కోత పడింది.

షూటింగుల్లో కంటిన్యుటీ చూసే అసిస్టెంట్లు ఫోటోలు తీసి పెట్టుకుంటారు, నిన్నటి సీన్లో బొట్టు ఇవాళ మారిపోకుండా. మనమూ అంతే! తాళాలు అందుకోగానే నాలుగువైపులా, టైర్లు, సీట్లు, మీటరు రీడింగు ఫోటోలు తియ్యండి. ఎన్ని కిలోమీటర్లు తిరగొచ్చు, దాటితే ఎంత కట్టాలి, మామూలు అరుగుదల ఏది, డ్యామేజీ ఏది, గడువుకి ముందే ఇచ్చేస్తే ఎంత వడ్డిస్తారు... ఇవన్నీ కాగితంమీద చదివాకే సంతకం పెట్టండి.

చివరగా, కారు అప్పజెప్పినట్టు రసీదు చేతికొచ్చేదాకా కదలకండి. శుభం కార్డు పడకుండా హాల్లోంచి లేచి వస్తామా ఏమిటి!