జూలూరుపాడు ఏ అరలో ఉండాలి?

జూలూరుపాడు ఏ జిల్లాలో ఉందని 2016 అక్టోబరు 10న అడిగితే ఖమ్మం అనేవారు. మర్నాటి నుంచి భద్రాద్రి కొత్తగూడెం అనాల్సి వచ్చింది. ఆ ఒక్క రోజులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33కు చేరాయి. శాసనసభకు మాత్రం జూలూరుపాడు మండలం పాత పద్ధతిలోనే వైరా నియోజకవర్గంలో ఓటేస్తుంది, ఆ వైరా పట్టణమేమో ఖమ్మం జిల్లాలోనే ఉండిపోయింది. రాష్ట్రం కింద జిల్లా, జిల్లా కింద నియోజకవర్గం, దాని కింద మండలం అని చెట్టు కొమ్మల్లా గీసుకుంటూ పోతే జూలూరుపాడు దగ్గరే లెక్క తప్పుతుంది. ఇలాంటి ఊరి సమాచారాన్ని దొంతరగా పేర్చాలనుకోవడం కన్నా, దానికి ఎన్ని సంబంధాలుంటే అన్నీ చూపడమే సరైన వర్గీకరణ. ఆ పని ఎలా చేయవచ్చో తెలుగు వికీపీడియా చూపిస్తోంది.

గ్రంథాలయంలో ఒక ప్రతికి ఒకే చోటు. 1876లో అమెరికా గ్రంథాలయ నిపుణుడు డ్యూయీ విషయాలను దశాంశాలుగా విడగొట్టాడు. 1933లో మన ఎస్.ఆర్. రంగనాథన్ కోలన్ పద్ధతిలో ఒకే విషయాన్ని అనేక కోణాల నుంచి చూపే దారి తెరిచారు. అయినా చివరికి పుస్తకం ఏదో ఒక అరలో నిలబడాల్సిందే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఈ ఇబ్బంది లేదు. పేజీలో ‘వర్గం’ పేరు రాస్తే చాలు, ఆ పేజీ సంబంధిత జాబితాలో తానే చేరిపోతుంది. ఒకే ఊరు జిల్లా గ్రామాల వర్గంలోనూ, మండల కేంద్రాల వర్గంలోనూ కనిపించవచ్చు. రెండు రకాలుగా రాసే ఊరి పేరుకు ‘దారిమార్పు’ ఉంది, ఒకే పేరున్న ఊళ్లకు ‘అయోమయ నివృత్తి’ పేజీ ఉంది. పేచీ వస్తే చర్చా పేజీలో వాదించుకుంటారు, అందరికీ సంబంధించినదైతే ‘రచ్చబండ’ అనే ఉమ్మడి చర్చా వేదికకు తెస్తారు.

ఎవరైనా మార్చగలిగితే తప్పులు దొర్లవా? దొర్లుతాయి. కానీ ప్రతి మార్పూ ఎప్పుడు, ఏ ఖాతా లేదా ఐపీ చిరునామా నుంచి జరిగిందో పేజీ చరితంలో నిలిచిపోతుంది కనుక తప్పును పట్టుకోవడమూ, వెనక్కి తిప్పడమూ తేలికే. అంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటుంది: దిద్దే చేతులు తక్కువ. గ్రామాల పేజీలు చాలావరకు జనగణన పట్టికల ఆధారంగా, బాట్ల (తమంతట తామే మార్పులు చేసే ప్రోగ్రాముల) సాయంతో తయారైనవే. వాటిలో హెక్టార్లు, జనాభా, దూరాలు దొరుకుతాయి. ఊరివాళ్లు తమ వాగులనూ గూడేలనూ ఏ పేర్లతో గుర్తుపడతారో దొరకదు. ఇది నిజమైన లోటే. అయితే దోషం పద్ధతిది కాదు. వర్గీకరణ అంటే ఎప్పటికప్పుడు తిరగరాసుకోవాల్సిన ఒప్పందం. సర్కారు గీత మారినప్పుడు జిల్లా పేరు దూరాన ఉన్నవాళ్లు కూడా దిద్దగలరు. గూడెం పేరు చెప్పాల్సింది మాత్రం జూలూరుపాడు వాళ్లే.