నిలువు సీరియళ్ళ తెర వెనుక పని: మన పిల్లలు తెలుసుకోవలసిన విషయాలు



ఈమధ్య ఉపకార వేతనాల దరఖాస్తులు చూస్తున్నప్పుడు, పార్ట్‌టైమ్ పని అన్న గడిలో ఒకరిద్దరు పిల్లలు "మైక్రోడ్రామా షూటింగ్" అని రాయడం గమనించాను. "డిగ్రీ చివరి సంవత్సరంలో ఈ సినిమాల పిచ్చి ఏమిటండీ?" అని ఒక తండ్రి నన్ను అడిగారు కూడా. ఈ పని ఏమిటో, ఇందులో డబ్బు ఎలా వస్తుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. మా బంధువుల అబ్బాయి ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసిన ఒక సీరియల్‌కు, ఇక్కడే బెంగళూరులో తొమ్మిది రోజులపాటు ఖర్చుల లెక్కలు రాశాను. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతున్నాను.

అసలు ఇవి ఏమిటి?

సెల్‌ఫోన్‌ను నిలువుగా పట్టుకుని చూడడానికి తీసే సీరియళ్ళు ఇవి. ఒక్కో భాగం ఒకటి, రెండు నిమిషాలే ఉంటుంది. ఒక కథకు 50 నుండి 100 భాగాల వరకు ఉంటాయి. మొదటి కొన్ని భాగాలు ఉచితంగా చూపించి, తర్వాత డబ్బు కట్టమంటారు. అందుకే ప్రతి భాగం చివర "ఇప్పుడేమవుతుంది?" అనే ఒక ముడి వేస్తారు. ఆ ముడి మీదే వ్యాపారమంతా నడుస్తుంది.

ఈ పద్ధతి చైనాలో బాగా పెరిగింది. అక్కడ 2024లో వీటి ఆదాయం సినిమా హాళ్ళ టికెట్ల ఆదాయాన్ని మించిపోయింది. మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక, బెంగళూరుకు చెందిన షేర్‌చాట్ సంస్థ మోజ్ అనే చిన్న వీడియోల యాప్ తెచ్చింది. అదే సంస్థ 2025లో ఈ సీరియళ్ళ కోసమే క్విక్‌టీవీ ప్రారంభించింది. మరికొన్ని సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. పని మన ఊళ్ళోనే దొరకడానికి ఇది ఒక కారణం.

నిలువు ఫ్రేముతో పని ఎలా మారుతుంది?

మామూలు వీడియో 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉంటుంది. నిలువు వీడియోలో ఇది తలకిందులవుతుంది. అడ్డంగా తీసిన దృశ్యంలోంచి నిలువు ముక్క కత్తిరించుకోవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 1080 ఎత్తుకు దక్కే వెడల్పు సుమారు 607 చుక్కలే. అంటే తీసిన బొమ్మలో మూడింట రెండు వంతులు వృథా. కనుక మొదటి నుండీ నిలువుగానే ఆలోచించి తీయాలి.

ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఫ్రేములో ఇమడరు. ఒకరిని ముందు, ఒకరిని కొంచెం వెనుక నిలబెడతారు. నేల, పైకప్పు ఎక్కువగా కనిపిస్తాయి. పక్కలు కనిపించవు కాబట్టి లైటు స్టాండ్లను నటుల దగ్గరగా పెట్టుకోవచ్చు. పైనుంచి మైకు దించితే ఫ్రేములో పడే ప్రమాదం ఎక్కువ. అందుకని బట్టల్లో చిన్న మైకు అమర్చడమో, పక్క నుండి పట్టుకోవడమో చేస్తారు. తెర కింది భాగంలో యాప్ బటన్లు, సబ్‌టైటిల్స్ వస్తాయి కనుక ముఖ్యమైనదేదీ అక్కడ ఉంచరు.

మన ఊరికి ఈ విద్య కొత్త కాదు. భారతదేశపు మొదటి సినిమాస్కోప్ చిత్రం, 1959లో వచ్చిన "కాగజ్ కే ఫూల్"కు ఛాయాగ్రాహకుడైన వి.కె. మూర్తి గారు చదివింది బెంగళూరు ఎస్.జె. పాలిటెక్నిక్‌లోనే. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు లభించింది. తెర బాగా వెడల్పైన రోజుల్లో ఆయన కొత్త కొలతకు తగ్గట్టు పని చేశారు. ఇప్పుడు తెర నిలువైంది. కొలత మారినా వెలుగు నీడల చదువు అదే. ఆ పాలిటెక్నిక్‌లో మొదలైన సినిమా విభాగమే నేడు హెసరఘట్టలోని ప్రభుత్వ ఫిల్మ్ అండ్ టీవీ ఇన్‌స్టిట్యూట్. ఆసక్తి ఉన్నవారు అక్కడి సినిమాటోగ్రఫీ, సౌండ్ డిప్లొమాల గురించి విచారించవచ్చు.

తెర వెనుక ఎవరెవరు?

60 భాగాలు, ఒక్కోటి నిమిషంన్నర అనుకుంటే మొత్తం 90 నిమిషాలు. అంటే ఒక సినిమా అంత. దాన్ని తొమ్మిది రోజుల్లో తీయాలంటే రోజుకు పది నిమిషాల దృశ్యం పూర్తి కావాలి. ఈ వేగం వల్ల తెర వెనుక పనివారికి బాధ్యత ఎక్కువ.

కథ వరుసలో కాకుండా, ఇంటి గదుల వరుసలో తీస్తారు. మేము పనిచేసిన ఇంట్లో వంటగదిలో మూడో భాగం, నలభై ఏడో భాగం ఒకే గంటలో తీశారు. అప్పుడు ఏ భాగంలో ఏ చీర, ఏ గాజులు, బొట్టు ఎక్కడ అన్నది కంటిన్యుటీ చూసే అమ్మాయి ఫోటోలతో సహా పుస్తకంలో రాసుకుంది. లెడ్జరు రాసే వాళ్ళకు ఉండే ఓర్పే ఆ పనికీ కావాలి. మెమరీ కార్డుల్లోని దృశ్యాలను రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, సరిచూసుకున్నాకే కార్డు చెరిపే అబ్బాయి ఒకడు. ఇంకా ఎడిటింగ్, సౌండ్, మేకప్, దుస్తులు, భోజనాలు, వాహనాలు చూసేవారు ఉంటారు.

మన పిల్లలకు ఒక అదనపు సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో హిందీ, ఇంగ్లీషు. ఒక భాషలో తీసినదాన్ని మరో భాషలోకి మార్చడానికి అనువాదం, సబ్‌టైటిల్స్, డబ్బింగ్ పనుల్లో ఈ భాషలు అక్కరకొస్తాయి. కామర్స్ విద్యార్థులకూ పని ఉంది. రోజువారీ నగదు పుస్తకం, వోచర్లు, జీఎస్టీ బిల్లులు, టీడీఎస్ లెక్కలు చూసేవారు లేకపోతే ఏ షూటింగూ సజావుగా ముగియదు.

డబ్బు సంగతి

ఇక్కడే తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని ఆలోచించాలి. ఉదాహరణకు రోజుకు 1,500 రూపాయలు ఇస్తారనుకుందాం. తొమ్మిది రోజులకు 13,500 వస్తుంది. తొమ్మిది రోజుల్లో ఇంత వచ్చిందని సంబరపడతారు. కానీ ఏడాదిలో అలాంటి షూటింగులు ఆరు దొరికితే మొత్తం 81,000. నెలకు సగటున 6,750 మాత్రమే. రోజు కూలిని నెల జీతంగా భ్రమపడకూడదు.

రెండో విషయం, కాగితం. నేను లెక్కలు రాసిన చోట ఇద్దరు పిల్లలు పక్కపక్కనే పని చేశారు. సౌండ్ సహాయకుడు తన రోజువారీ రేటు, తేదీలు, చెల్లింపు గడువు వాట్సాప్‌లో రాయించుకున్నాడు. దుస్తులు చూసిన అమ్మాయి నోటిమాటతో ఒప్పుకుంది. అతనికి గడువులోగా పూర్తి మొత్తం వచ్చింది. ఆమెకు నెలన్నర తర్వాత, ఖర్చు పెరిగిందని చెప్పి తగ్గించి ఇచ్చారు. ఆమె తక్కువ పని చేయలేదు. రాత్రి అందరూ వెళ్ళాక చీరలు ఇస్త్రీ చేసి వరుసగా పెట్టి వెళ్ళేది. చూపించడానికి ఆమె దగ్గర ఏ రాతా లేకపోయింది, అంతే.

కనుక పని ఒప్పుకునే ముందు ఇవి రాతలో ఉండేట్టు చూసుకోండి:

1. రోజు రేటు, పని గంటలు, గంటలు మించితే అదనం ఎంత.
2. అడ్వాన్సు ఎంత, మిగతాది ఏ తేదీ లోపల.
3. భోజనం, రాకపోకలు ఎవరి ఖర్చు. రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేర్చే వాహనం. ఆడపిల్లల విషయంలో ఇది తప్పనిసరి.
4. షూటింగ్ రద్దయితే ఏమిస్తారు.
5. టైటిల్స్‌లో పేరు వేస్తారా.

డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే తీసుకోండి. పాన్ కార్డు ఇవ్వండి. ఎడిటింగ్ వంటి పనులకు 10 శాతం టీడీఎస్ పట్టుకోవచ్చు. పాన్ లేకపోతే 20 శాతం దాకా పోతుంది. పన్ను పడేంత ఆదాయం లేనివారు రిటర్ను వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. పని ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారి జోలికి పోవద్దు.

అసంఘటిత కార్మికుల కోసం 2021లో కేంద్రం ప్రారంభించిన ఇ-శ్రమ్‌లో అర్హులైనవారు పేరు నమోదు చేసుకోవచ్చు. సినీ, సాంస్కృతిక కళాకారుల సంక్షేమ నిధి కోసం టికెట్లు, ఓటీటీ చందాల మీద సెస్సు వేసే వీలు కల్పిస్తూ కర్ణాటక ప్రభుత్వం 2024లో చట్టం చేసింది.

చదువు మానవచ్చా?

వద్దనే నా సలహా. అమెరికాలో క్విబీ అనే సంస్థ 175 కోట్ల డాలర్లు సమీకరించి, ఫోన్లలో చూసే చిన్న భాగాల సేవను 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. ఆ సేవ అదే ఏడాది డిసెంబరులో మూతపడింది. అంత పెట్టుబడి ఉన్న సేవే ఎనిమిది నెలలు నిలిచింది. యాప్‌లు వస్తాయి, పోతాయి. నేర్చుకున్న ఎడిటింగ్, సౌండ్, అకౌంట్స్ పనులు మాత్రం పెళ్ళి వీడియోకు, ప్రకటనకు, సినిమాకు, ఆఫీసుకు కూడా పనికొస్తాయి. అందుకని యాప్ పేరు చూసి కాకుండా, అక్కడ నేర్చుకునే పని చూసి వెళ్ళండి. సెలవుల్లో చేయండి. కాల్‌షీటు మన పరీక్షల కోసం ఆగదు కాబట్టి, సెమిస్టర్ తేదీలు ముందే చెప్పి, ఆ రోజులు తప్పించి ఒప్పుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఈ పని గురించి చెప్పినప్పుడు కోప్పడి నోరు మూయిస్తే, రేపు డబ్బు రాకపోయినా, సెట్‌లో ఇబ్బంది ఎదురైనా మీకు చెప్పరు. ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటల వరకు, ఎంతకు అని అడగండి. ఒప్పందం కాగితం మీరూ ఒకసారి చదవండి. డిగ్రీ పట్టా ఒక చేత, పనితనం మరో చేత ఉన్న పిల్లలకు ఎక్కడైనా గౌరవం ఉంటుంది.


ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బెంగళూరు