మీకు తెలుసా? జీపుకెంతమంది యజమానులు!

జూబ్లీ బస్‌స్టేషన్ దాటి కార్ఖానా మీదుగా తిరుమలగిరి వైపు వెళ్లే రోడ్డు మీద ఇప్పుడు రకరకాల కొత్త కార్లు కనిపిస్తాయి. అయినా ఇది కంటోన్మెంటు ప్రాంతం, రిటైరైన ఫౌజీలు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డ చోటు. సందుల్లోకి తిరిగితే ఏదో ఒక పోర్టికోలో టార్పాలిన్ కప్పుకున్న పాత జీపు కంటపడుతుంది. ఈసారి కబుర్లన్నీ దాని గురించే.

అరగంట ముందు

జీపును కనిపెట్టిన కంపెనీ పేరు చెప్పమంటే చాలామంది విల్లీస్ అంటారు, ఇంకొందరు ఫోర్డ్ అంటారు. రెండూ కావు. 1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలి, నమూనా 49 రోజుల్లో తెచ్చి చూపాలి అన్నది షరతు. టెండరు వేసినవి రెండే. వాటిలో విల్లీస్ 75 రోజులు అడిగింది. సరేనని ఒప్పుకున్నది బాంటమ్ ఒక్కటే. పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో బుల్లి కార్లు చేసుకుంటూ అప్పటికే దివాలా అంచున ఉన్న కంపెనీ అది. బయటి నుంచి కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుంటే ఆయన రెండు రోజుల్లో నక్షా గీసిచ్చాడు. సెప్టెంబరు 23 సాయంత్రం ఐదింటికి గడువు. బండి అరగంట ముందు సైన్యం గేటు దాటింది.

బండి నచ్చింది కానీ బాంటమ్ స్తోమత మీద సైన్యానికి నమ్మకం కుదరలేదు. ఆ నక్షాలను తీసుకెళ్లి విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ ఇచ్చేసింది. బార్నీ రూస్ తయారుచేసిన 60 హార్స్‌పవర్ ఇంజను విల్లీస్ చేతిలో ఉంది, బాంటమ్ ఇంజను దాని ముందు నిలవలేకపోయింది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ వంతుకు మూడు వేల లోపే వచ్చాయి. ఆ తర్వాత దానికి మిగిలిన పని జీపు వెనక తగిలించే ట్రెయిలర్లు చేయడం. జీపును మేమే సృష్టించామని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటుంటే, అలా చెప్పుకోవడానికి వీల్లేదని 1948లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. తీర్పు వచ్చినా వ్యాపారం మాత్రం బాంటమ్‌కు తిరిగి రాలేదు. 1950లో ‘జీప్’ ట్రేడ్‌మార్కు విల్లీస్‌కే దక్కింది.

బోల్టు మీద ఒక అక్షరం

యుద్ధకాలపు జీపు విల్లీస్ చేసిందా, ఫోర్డ్ చేసిందా అన్నది దూరం నుంచి చూసి చెప్పడం కష్టం. దగ్గరికెళితే తెలుస్తుంది. కార్ఖానా సందులో ఒక షెడ్డుకు ఆ మధ్య అలాంటి బండి ఒకటి వచ్చింది. అక్కడి ఉస్తాద్ తండ్రి ఈఎంఈలో పనిచేసి దిగాడట. తిరుమలగిరిలో ఆ దళానికి కాలేజీయే ఉందిగా, సైన్యంలో ఏ బండికి జబ్బు చేసినా చూసేది ఈఎంఈ వాళ్లే. ఉస్తాద్ గుడ్డతో గ్రీజు తుడిచి, ‘ఇగో సార్, బోల్టు నెత్తి మీద చూడుండ్రి’ అన్నాడు. చిన్న ‘ఎఫ్’ అక్షరం. ఫోర్డ్ తన బోల్టుల మీద కూడా ఆ ముద్ర వేసుకునేది. ‘మరి ఫోర్డే కదా?’ అంటే తల అడ్డంగా ఊపి, రేడియేటర్ కిందికి వంగి చూడమన్నాడు. చాసిస్‌కు ముందు అడ్డంగా ఉండే దిమ్మె గొట్టంలా గుండ్రంగా ఉంటే విల్లీస్, తిరగేసిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఇది గుండ్రంగా ఉంది! ఒంటి నిండా ఫోర్డ్ బోల్టులు, ఎముక మాత్రం విల్లీస్‌ది.

ఇందులో మోసమేమీ లేదు. దీని సామాను దానికి, దాని సామాను దీనికి పట్టాలన్నది సైన్యం పెట్టిన నియమం. రిపేరు షెడ్లలో ఏది చేతికందితే అది బిగించారు. అందుకే ఈనాడు మిగిలిన బండ్లలో అచ్చంగా ఒకే కంపెనీ సామానున్నవి అరుదు. అలాంటివే కావాలని పట్టుబట్టే శౌకీన్లు ఒక్కో బోల్టు కోసం ఏళ్ల తరబడి వెతుకుతారు. నాకైతే కలగాపులగం బండే ముద్దొస్తుంది. ఎన్ని చేతులు దాని మీద పడ్డాయో అది చెబుతుంది.

నడిపినవాళ్లను అడిగితే వేరే సంగతులు చెబుతారు. యుద్ధకాలపు జీపుకు పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, మూత కూడా అక్కడే. బంకులో డ్రైవరు దిగి, సీటు ఎత్తితే గానీ పెట్రోలు పోయడం కుదరదు. హెడ్‌లైట్లకు రెక్కల నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేసి లైటును వెనక్కి తిప్పితే వెలుతురు ఇంజను మీద పడుతుంది, అర్ధరాత్రి అడవిలో బండి ఆగినా టార్చితో పనిలేదు. ముందు అద్దం బానెట్ మీదికి వాలిపోతుంది. ఫస్ట్ గేరు మాత్రం బండి పూర్తిగా ఆగితేనే సాఫీగా పడుతుంది, తొందరపడితే గేరుబాక్సు కర్రుమంటుంది. పైగా స్టీరింగు ఎడమవైపు. సింగిల్ రోడ్డు మీద లారీని దాటాలంటే, ‘ఆ... పోనీ... ఆగాగు!’ అంటూ కుడిపక్క కూర్చున్నాయన చూసి చెప్పాల్సిందే. అంత బాధా పడి, దిగాక ‘అబ్బ, బండంటే ఇదీ’ అంటారు. వాళ్లతో వాదించి లాభం లేదు.

మహీంద్రా పక్కన మహమ్మద్

మహీంద్రా అండ్ మహీంద్రా కంపెనీ 1945 అక్టోబరు 2న పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. అన్నదమ్ములు జేసీ మహీంద్రా, కేసీ మహీంద్రాలతో చేయి కలిపిన ఆ మూడో మనిషి మాలిక్ గులాం మహమ్మద్. మన హైదరాబాద్‌తో సంబంధం ఉన్నవాడే, నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూశాడు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యాడు, ఆపైన గవర్నర్ జనరల్ కూడా. 1948లో కంపెనీ పేరులో ఆయన స్థానంలో రెండో మహీంద్రా వచ్చి చేరింది.

మొదట వాళ్లది ఉక్కు వ్యాపారం. యుద్ధకాలంలో కేసీ మహీంద్రా అమెరికాలో భారత ప్రభుత్వ కొనుగోళ్ల పని చూసేవారు. అక్కడే బార్నీ రూస్‌తో పరిచయమైందనీ, జీపు ఆలోచన అలా వచ్చిందనీ కంపెనీ చెప్పుకునే కథ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో బొంబాయి మజ్‌గావ్‌లో, అమెరికా నుంచి విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన విల్లీస్ జీపులను బిగించడం మొదలైంది. తర్వాత బానెట్ ఎత్తుగా ఉండే సీజే-3బీ నమూనా లైసెన్సు దొరికింది. అమెరికాలో దాన్ని ఆపేసిన తర్వాత కూడా మన దేశంలో దాని సంతానం పేర్లు మార్చుకుంటూ దశాబ్దాల పాటు తయారవుతూనే ఉంది. నిజానికి మన ఊళ్లు చూసిన జీపుల్లో ఎక్కువ భాగం ఇవే.

స్వతంత్ర భారతంలో తొలి పెద్ద కుంభకోణం కూడా జీపులదే. కశ్మీర్ యుద్ధం నడుస్తున్న 1948లో లండన్‌లో మన హైకమిషనర్ వీకే కృష్ణ మీనన్ 80 లక్షల రూపాయలకు పాత సైనిక జీపుల ఒప్పందం చేసుకున్నారు. డబ్బులో చాలాభాగం ముందే చెల్లించారు. వచ్చినవి 155, అవి కూడా పనికొచ్చే స్థితిలో లేవు. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారం ముగిసిందంది. మరుసటి ఏడు మీనన్ కేంద్రమంత్రి అయ్యారు.

జీపొచ్చిందంటే

మన పల్లెల్లో సొంత జీపు ఉన్నవాళ్లు తక్కువ, జీపుకు భయపడ్డవాళ్లు ఎక్కువ. పోలీసులదీ అదే బండి, శిస్తు వసూలుకొచ్చే రెవెన్యూ వాళ్లదీ అదే, బ్లాకు అభివృద్ధి అధికారిదీ అదే. దుమ్ము లేచిందంటే ఏ శాఖో తేలేదాకా ఊరికి ఊపిరాడేది కాదు. పిల్లలకు మాత్రం ఏ శాఖైనా ఒకటే, వెనక పరిగెత్తడమే. ఎన్నికలప్పుడు దానికే మైకు కట్టేవారు. కానీ తెలుగునాట ఎన్నికల్లో తిరిగిన అమెరికన్ బండ్లలో అన్నిటికన్నా పేరు పడ్డది జీపు కాదు. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం ఒక పాత షెవర్లే వ్యాను. దాన్నే రథంగా మార్పించుకున్నారు.

యుద్ధభూమిలో మరో చిత్రం. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకితో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను పేల్చి ప్రాణాలర్పించారు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ప్యాటన్ ట్యాంకు అమెరికాది. దాని ఎదుట నిలిచిన బండి వంశం కూడా అమెరికాదే.

పేరు ఎవరిది?

జీపును కొన్నవాడు ముప్పై నలభై ఏళ్లయినా వదలడు. దాని పేరును కొన్నవాళ్లకు మాత్రం అది నిలవలేదు. 1953లో విల్లీస్‌ను కైజర్ కొంది. 1970లో అమెరికన్ మోటార్స్ చేతికి పోయింది. అందులోకి ఫ్రాన్స్ కంపెనీ రెనో వాటాదారుగా వచ్చింది. 1987లో క్రైస్లర్ మొత్తం కొనేసింది, దాని కన్ను ప్రధానంగా జీప్ మీదే. 1998లో జర్మనీ డైమ్లర్, 2007లో సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థ, 2009లో క్రైస్లర్ దివాలా తీశాక ఇటలీ ఫియట్. 2021 జనవరి నుంచి స్టెలాంటిస్. ఇందులో కైజర్ పేరు, అమెరికన్ మోటార్స్ పేరు ఈనాడు రోడ్డు మీద లేవు. జీప్ ఉంది. సొంత పేరుతో మన దేశంలోకి అది అధికారికంగా అడుగుపెట్టింది 2016లో. మరుసటి ఏడు పుణె దగ్గర రంజన్‌గావ్‌లో కంపాస్ తయారీ మొదలైంది.

బానెట్ ముందు ఏడు నిలువు గీతలు జీప్ గుర్తు అని అందరికీ తెలుసు. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది ఉండేవి. రేకును అచ్చు కొట్టి చవగ్గా చేసిన ఆ గ్రిల్ ఫోర్డ్ ఆలోచన. యుద్ధం తర్వాత మామూలు జనం కోసం చేసిన బండికి పెద్ద హెడ్‌లైట్లు పెట్టి, గీతలు ఏడుకు తగ్గించారు.

వీఏ నంబరు కావాలా, మటాడోర్ ఇంజను కావాలా?

పాత జీపులున్నవాళ్ల అసలు తలనొప్పి ఇది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లకోసారి మళ్లీ చేయించుకుంటే 5 వేలు. కానీ రోజూ కూరగాయలకు వేసుకెళ్లడానికి లేదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, రిపేరుకూ మాత్రమే రోడ్డెక్కాలి. పైగా చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. ఇక్కడే వచ్చింది చిక్కు. పెట్రోలు ఖర్చు భరించలేక ఎంతోమంది ఎప్పుడో అసలు ఇంజను తీసేసి మటాడోర్ వ్యాను డీజిల్ ఇంజనో, మరొకటో బిగించారు. పంజాబు, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీలో ఇలా జీపులు మార్చి కట్టడం పెద్ద పరిశ్రమే. తయారీదారు లెక్కలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే, బండి ఇన్నాళ్లు బతకడానికి కారణమైన వైద్యమే ఇప్పుడు కాగితాల దగ్గర దానికి అడ్డం. ఈ నియమం పెట్టినవాళ్లు ఒక్కసారి ఏదైనా షెడ్డుకు వచ్చి చూసి ఉంటే బాగుండేది.

పెట్టెలు తిరుగు ప్రయాణం కట్టాయి

ఒకప్పుడు అమెరికా నుంచి బొంబాయికి జీపు విడిభాగాలు వచ్చేవన్నాం కదా. 2018లో అది తిరగబడింది. మహీంద్రా ఇక్కడి నుంచి విడిభాగాలు పంపి, మిషిగన్ రాష్ట్రం ఆబర్న్ హిల్స్‌లో బిగించి ‘రాక్సర్’ అనే బండిని అమ్మకానికి పెట్టింది. పొలాలకూ అడవులకూ మాత్రమే, రోడ్డు మీదికి అనుమతి లేదు. ఆబర్న్ హిల్స్ అంటే క్రైస్లర్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరే. అచ్చం మా జీపులాగే ఉందంటూ అప్పటి యజమాని ఫియట్ క్రైస్లర్ అదే ఏడు ఆగస్టులో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. లైసెన్సిచ్చి నేర్పిన బండే వాకిట్లోకొచ్చి నిలబడితే కోపం రాదూ! 2020 జూన్‌లో కమిషన్ రాక్సర్‌ను ఆపమంది. మహీంద్రా ముఖం మార్చి మళ్లీ తెస్తే, డిసెంబరులో ఆ కొత్త రూపానికి అభ్యంతరం లేదంది. కోర్టుల్లో గొడవ ఆ తర్వాత కూడా సాగింది.

మహీంద్రాకు మన జహీరాబాద్‌లో కార్ఖానా ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి చిన్న లారీలు చేసిన చోటు, ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతాయి. ఇక రాక్సర్‌కు ఊరట దొరికిన ఆ 2020 డిసెంబరులోనే ఫియట్ క్రైస్లర్ 15 కోట్ల డాలర్ల పెట్టుబడితో తన ప్రపంచ వ్యాపారానికి ఒక డిజిటల్ కేంద్రం పెడుతున్నట్టు ప్రకటించింది. ఎంచుకున్న ఊరు హైదరాబాద్.